పటం కింది పేరు

బుధవారం పొద్దున కూలికి బయల్దేరుతూ మణెమ్మ కూతురి భుజం మీంచి ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసింది. తెర మధ్యన సన్నటి నీలం గీత, దాని పక్కన పదకొండు అని అంకె. మణెమ్మకు అక్షరాలు రావు గానీ బస్సు నంబర్లు చూసి చూసి అంకెలు వచ్చాయి. రాత్రి పడుకోబోయే ముందు చూసినప్పుడు అది తొమ్మిది.

"తెల్లార్లూ నడిచి రెండడుగులేనా మే?"

"నడవలేదమ్మా, దేకింది," అంది ఫెబీ. ముఖం కడుక్కోలేదు, జడ విప్పలేదు. ముందు రోజు సాయంత్రం ఎట్లా కూర్చుందో అట్లాగే ఉంది, గుడ్లు పొదిగే కోడిలాగా.

ఫెబీది పెళ్లి వీడియోలు కోసి అతికే పని. కనిగిరిలో స్టూడియో ఉన్న జయపాల్ పెళ్లిళ్లు తీస్తాడు, తీసిందంతా ఒక డిస్కులో పెట్టి బస్సులో పంపిస్తాడు. ఫెబీ దానిలోంచి తాగినవాళ్ల తూలుళ్లు, అలిగినవాళ్ల మూతులు తీసేసి, చూడముచ్చటగా చేసి నెట్‌లో తిరిగి పంపాలి. "మూడు పెళ్లిళ్లు చూస్తా చెల్లెమ్మా. టైముకు అందితే ఈ ఎండాకాలం ముహూర్తాలన్నీ నీకే," అని ఆయన మాట. మొదటి పెళ్లి రెండు రోజులు ఆలస్యంగా అందింది. రెండోది అందక, ఫెబీ పెన్‌డ్రైవ్ జాకెట్లో దోపుకుని రాచర్లకు ఆటో, అక్కడి నుంచి గిద్దలూరు, అక్కడ బస్సు మారి కనిగిరి పోయి చేతికిచ్చి వచ్చింది. ఆయన నవ్వాడట. "పెళ్లికూతురి నాయన ముఖం ఇంకొంచెం తెల్లగా చెయ్యమంటాడు. మళ్లీ బస్సెక్కుతావా? బేస్తవారిపేటలో ఒకాయన ఉన్నాడు, కూర్చున్నచోటు నుంచే పంపిస్తాడు."

ఇది మూడోది. శనివారం మధ్యాహ్నానికి పోవాలి. పోకపోతే సోమవారం నుంచి ఫెబీ వేళ్లు మళ్లీ మిరపకాయల్లోకి వస్తాయి. ఆ వేళ్ల మంట ఎట్లాంటిదో మణెమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు. కంట్లో నలక పడినా తుడుచుకోవడానికి లేదు. చంటిబిడ్డను ఎత్తుకోవడానికి లేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే పెదవులు కూడా మండుతాయి.

"సినిమా పెడితే నీళ్ల మాదిరి వస్తా ఉంది కదా మే. మరి పంపేటప్పుడు ఏం రోగం?"

"వచ్చే దోవ వేరు, పోయే దోవ వేరమ్మా. పోయే దోవలో ఏదో అడ్డం పడింది."

దోవలో అడ్డం పడిందంటే తీయాలి కదా. మణెమ్మ కొంగు దోపి ముందుకొచ్చింది. వైఫై డబ్బాకు దుమ్ము పడకుండా తానే అల్లిన దారపు ముసుగు తీసేసింది. డబ్బాను బీరువా వెనక నుంచి తెచ్చి కిటికీలో పెట్టింది. వైరును ఒద్దికగా ఉంటుందని మేకుకు నాలుగు చుట్లు బిగించి కట్టింది తనే, ఇప్పుడు ఆ చుట్లు విప్పింది. ఫెబీ డబ్బాకు, ల్యాప్‌టాప్‌కు మధ్య వేరే వైరు తగిలించింది. ఇంట్లో రెండు ఫోన్లూ ఆపేసింది. డబ్బా ఆపి, వంద లెక్కపెట్టి, మళ్లీ వేసింది.

అంకె పదకొండు దగ్గరే ఉంది. ఏ ఫోనూ లేదు, ల్యాప్‌టాప్ కూడా మూసింది, అయినా డబ్బా మీది ఒక పచ్చదీపం మాత్రం టకటకా కొట్టుకుంటూనే ఉంది. ఇంట్లో అందరూ కంచాలు కడిగి పెట్టాక కూడా ఎవరో ఒకరు నములుతున్నట్టు.

"పాస్‌వర్డ్ ఎవరికన్నా చెప్పినావా?" అంది ఫెబీ.

"నేనా? ఆ పేరు నా నోట పలికితే కదా."

నిజమే. పాస్‌వర్డ్ ఫెబీ నాయన పేరు, ఆయన పుట్టిన సంవత్సరం. ముప్పై మూడేళ్ల కాపురంలో మణెమ్మ ఆ పేరు పలకలేదు, ఆయన పోయాక కూడా పలకలేదు. ఆస్పత్రిలో చీటీ రాసేవాళ్లు భర్త పేరు అడిగితే ఆధార్ కార్డు చేతిలో పెడుతుంది. "ఇదే మంచిది, మా అమ్మ ఎవరికీ చెప్పలేదు," అని ఫెబీ నవ్వుతూ పెట్టిన పాస్‌వర్డ్ అది.

గురువారం ఆదిలక్ష్మమ్మ వాకిట్లో పని. రామయ్య గారి భార్య ఆమె. ఊళ్లో ఎక్కువ మిరప వాళ్లదే. మణెమ్మ ఆ ఇంటి వెనక రేకుల కొట్టంలో గోనెపట్ట మీద కూర్చుని, కాయ ఎడమ చేత్తో పట్టి, కుడి బొటనవేలి గోరుతో తొడిమ తుంచి, కాయ ఇటు, తొడిమ అటు వేస్తోంది. కాయ విరగకూడదు, గింజ రాలకూడదు. పక్కన గోడ మీద ఆమె గ్లాసు బోర్లించి ఉంది. ముప్పై ఏళ్లుగా దాని చోటు అదే. టీ ఇచ్చేటప్పుడు ఆ గ్లాసు తనే కడుక్కుని చాపితే, పైనుంచి ధార పోస్తారు.

ఆదిలక్ష్మమ్మ దొడ్డివాకిలి గడపలో నిలబడింది.

"ఏమ్మే, నిన్న పొద్దున కొళాయి కాడ ఎలీషబాతో అంతసేపు ఏం ముచ్చట్లు? బిందె నిండి కారిపోతా ఉంటే కూడా చూడకపోతివి."

మణెమ్మ చెయ్యి ఆగింది. "ఆమె నడుం నొప్పి గురించి చెప్తా ఉండిందిలేమ్మా."

"నడుం నొప్పా? మంగళవారం వేరేవాళ్ల చేనుకని కాటమరాజు ఆటో ఎక్కేటప్పుడు లేదే ఆ నొప్పి. ఎనిమిది మంది ఎక్కినారు. మా చేనుకు రమ్మంటే మాత్రం ఒకదానికి నడుము, ఒకదానికి మోకాలు."

కొళాయి ఊరికి ఎడంగా, తమ పాలెంలో ఉంది. ఈ ఇల్లు ఊరికి ఆ చివర. ఈమె పాలెం దిక్కు వచ్చి ఎన్నేళ్లయిందో. అయినా ఈ రెండు నెలలుగా ఎవరు ఏ చేనుకు పోయిందీ, ఎవరు ఎవరితో నవ్విందీ ఈమెకు తెలుస్తూనే ఉంది. ఈ కబుర్లు ఎవరు మోస్తున్నారో మణెమ్మ ముందే తేల్చుకుంది, ఎలీషబా కోడలు రమ్య అని. ఆ పిల్ల వారానికి రెండుసార్లు ఈ ఇంటికి పాలకొస్తుంది. అప్పటినుంచి రమ్య "అత్తా" అని పలకరించినా మణెమ్మ ముఖం తిప్పుకుంటోంది. బిడ్డకు జ్వరమని అమృతాంజనం అడగడానికి వస్తే కూడా ఉన్న డబ్బా లేదని చెప్పింది. చెప్పాక ఆ పూట అన్నం సయించలేదు గానీ, మనసు మాత్రం మార్చుకోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నెట్ వైర్లు చూసే సురేష్ నిచ్చెనతో సహా వచ్చి ఉన్నాడు. గిద్దలూరు మనిషి, పెళ్లై ఇద్దరు పిల్లలు, ఎప్పుడూ నోట్లో సోంపు. వైరు కొసను ఒక చిన్న మీటరులో దూర్చి చూశాడు. "లైట్ సూపర్‌గా వస్తా ఉంది పెద్దమ్మా. మా సైడు ఏం తప్పు లేదు."

"అందరూ అదే అంటారు," అంది ఫెబీ.

"నీ మీద ఒట్టు అక్కా. తప్పుంటే కొస మార్చనా? అయినా మారుస్తాలే." కొస కోసి, గాజు వెంట్రుకలాంటి దారాన్ని తుడిచి, కొత్త మూతి బిగించాడు. వేగం పరీక్ష పెడితే వచ్చేది నలభై, పోయేది అర కంటే తక్కువ. అతను సోంపు నమలడం ఆపాడు. ఫోన్లో ఏదో పేజీ తెరిచి వేలితో కిందికి జరిపాడు. "మీ డబ్బాకు ఎంతమంది తగులుకున్నారో చూద్దాం. ఇది నీ ల్యాప్‌టాప్. ఇది నీ ఫోను, ఇది పెద్దమ్మది. మరి ఈ నాలుగేంది? నాలుగూ ఒకటే రకం. పొద్దస్తమానం పైకి పంపిస్తానే ఉన్నాయి."

"నాలుగా?" అంది ఫెబీ.

"కెమెరాల పేరు మాదిరి ఉందక్కా."

ఫెబీ కిటికీలోంచి బయటికి చూసింది. వాళ్ల ఇంటి వెనక గోడకు ఆనుకునే నీళ్ల ట్యాంకు. ట్యాంకు మీద నాలుగు తెల్లటి కెమెరాలు. సంక్రాంతి అయినాక బిగించారు. మోటార్ల దొంగలు తిరుగుతున్నారు, ఊరి మంచికి పెట్టించాం అన్నారు రామయ్య గారి వాళ్లు. కరెంటు ట్యాంకు మోటారుది. నెట్ ఎక్కడిదని పాలెంలో ఎవరూ అడగలేదు.

మణెమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. అప్పుడు గుర్తుకొచ్చింది, కెమెరాలు బిగించిన రోజు మధ్యాహ్నం వేళ నరేష్ వచ్చాడు, ఆదిలక్ష్మమ్మ కొడుకు. మణెమ్మ చంకన వేసుకుని తిప్పిన బిడ్డ. వాకిట్లోనే నిలబడి, "ఏమ్మా, మీ వైఫై పాస్‌వర్డ్ ఏంది? కెమెరాలకు ఒక్కసారి కలపాల," అన్నాడు. ఆ ఇంటివాళ్లు అడిగితే లేదనడం ఆమెకు చేతకాదు. పేరు పలకడమూ చేతకాదు. అందుకని గోడమీది పటం చూపించింది. "ఆయన పేరే నాయనా, పుట్టిన సంవత్సరంతో. పటం కింద రాసుంటది చూడు." నరేష్ గడప దాటలేదు. చెయ్యి లోపలికి చాపి, ఫోన్‌తో పటాన్ని ఫోటో తీసుకుని పోయాడు. ఇంటాయన పేరు ఇంత పనికొస్తోందే అని ఆ పూట ఆమెకు గర్వంగా కూడా అనిపించింది.

ఈ మాట చెప్పేటప్పుడు మణెమ్మ గొంతు నేలలోంచి వచ్చింది. ఫెబీ అరవలేదు. అరిచినా బాగుండేది.

"నేను అడిగినప్పుడు చెప్పలేదే?"

"చెప్పినావా అంటివి. నేను నోటితో చెప్పలేదు కదా మే. ఇది గుర్తుకే రాలేదు."

సురేష్ నిచ్చెన భుజాన వేసుకున్నాడు. "పాస్‌వర్డ్ మార్చేస్తే సరి అక్కా. రెండు నిమిషాల పని. నేను చెప్పినానని మాత్రం ఎక్కడా అనొద్దు, మీ వైరు కలిసే మా జాయింట్ బాక్సు వాళ్ల గోడ మీదనే ఉండేది."

అతను పోగానే ఫెబీ చెయ్యి మీటల మీదికి పోయింది. మణెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఒక్క పూట ఆగు. అడిగి తీసుకున్నోళ్లు, చెప్పి మారుద్దాం. ముప్పై ఏళ్ల వాకిలి. తెల్లారి పోయి నేనే చెప్తా, పాపకు పని ఉందమ్మా, రెండు రోజులు ఆపుకోండి అని."

"రెండు రోజులా?"

"మాట వరసకు మే."

"పది గంటల దాకా చూస్తా," అంది ఫెబీ. ఆ రాత్రి కంచంలో చెయ్యి పెట్టి తీసేసింది.

శుక్రవారం పొద్దున మణెమ్మ ఉతికిన చీర కట్టుకుని పోయింది. కొట్టంలోకి పోకుండా ముందు వసారా మెట్టు కింద నిలబడింది. ఎన్నడూ అటు పోయిన మనిషి కాదు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల నులక మంచం మీద ఆదిలక్ష్మమ్మ, ఒళ్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయల గిన్నె, ఎదురుగా గోడంత టీవీ.

టీవీలో నాలుగు గళ్లు. ఒక గడిలో కొళాయి. మణెమ్మ నీలం డ్రమ్ము అక్కడే ఉంది. ఇంకో గడిలో పాలెం మలుపు, ఆటోలు ఆగే చోటు. మూడో గడిలో మణెమ్మ ఇంటి వెనక దండెం, దాని మీద ఆరేసిన తన లంగా, పక్కన ఫెబీ బట్టలు. నాలుగో గడి ఏందో మొదట అర్థం కాలేదు. పైనుంచి చూస్తే ఏదైనా కొత్తగానే ఉంటుంది. గోనెపట్టలు కట్టిన చదరం, మధ్యలో ఒక బండ, బండ మీద తడి వీపు. పాలెంలో ఆడవాళ్లు నీళ్లు పోసుకునే దడి అది. చుట్టూ గోనెలు ఉన్నాయి, పైన ఏమీ లేదు. పైన ఆకాశమే కదా అనుకున్నారు ఇన్నాళ్లూ.

"చూడు అరుణా," అంది ఆదిలక్ష్మమ్మ, లోపలున్న కోడలు అరుణకుమారిని పిలుస్తూ. నోట్లో కాయ నములుతూనే ఉంది. "ఎలీషబా ఎన్ని చెంబులు గుమ్మరించుకుంటా ఉందో చూడు. వీపు చూడు, దున్నపోతు వీపు. ఈ మనిషికంట నడుం నొప్పి."

లోపలి నుంచి అరుణకుమారి నవ్వు వినిపించింది. "మీకు సీరియళ్లు అక్కర్లేకపోయె అత్తా."

"సీరియల్లో అంతా రంగులే. ఇది నిజం గదే." తొక్క ఊసి గిన్నె అంచున పెట్టి, ఇంకో కాయ నొక్కింది. టప్పుమని ఉప్పునీళ్లు చిందాయి. ఆ ఉప్పు చేతిని అట్లాగే రిమోట్‌కు తుడిచింది.

తెర మీద ఎలీషబా లంగా రొమ్ముల మీదికి లాక్కుని ముడి వేసుకుంటోంది. అరవై ఏళ్ల మనిషి. ప్రార్థనలో కొంగు జారితే రెండుసార్లు సర్దుకునే మనిషి. మణెమ్మ రోజూ తెల్లవారుజామున అదే బండ మీద కూర్చుంటుంది. ఫెబీ కూర్చుంటుంది. రెండు నెలలు. ఆ ఉప్పుచేతులు తన వీపు మీద పాకినట్టు, ఆ నమిలిన పిప్పి తన మెడ మీద అంటుకున్నట్టు ఒళ్లంతా జిగటగా అయింది. ఇంతా చేస్తే ఆ బొమ్మలు పోయేది తన ఇంటి డబ్బాలోంచి, తన పెనిమిటి పేరు మీద.

ఆదిలక్ష్మమ్మ తల తిప్పింది. మణెమ్మను చూసి కూడా ఏమీ తడబడలేదు, టీవీ కట్టెయ్యలేదు. అదే మణెమ్మకు మరీ రోతగా అనిపించింది.

"ఏమ్మే, ఇటొచ్చినావు? ఏం కావాల?"

చెప్పాలని కూర్చుకుని వచ్చిన మాటలన్నీ అట్లాగే ఉన్నాయి. పాపకు పని ఉందమ్మా, రెండు రోజులు. వాటిలో ఒక్కదాన్ని కూడా ఆ గదిలోకి విసరబుద్ధి కాలేదు.

"ఏం లేదమ్మా. నడుం నొప్పి. ఈ పూట పని చెయ్యలేను."

వెనక్కి వస్తూ కొట్టం దగ్గర ఆగింది. గోడ మీద గ్లాసు తీసుకుని కొంగు కింద పెట్టుకుంది. దోవలో కంచె పక్కన వంగి ఉమ్మింది. మళ్లీ ఉమ్మింది. నోరు శుభ్రపడలేదు.

పాలెంలోకి రాగానే, ఫెబీకి ఏమీ చెప్పకుండా ఇంట్లోంచి అమృతాంజనం డబ్బా తీసుకుని, ముందు రమ్య ఇంటికి పోయింది. ఆ పిల్ల బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. మణెమ్మ తెచ్చిన డబ్బా గడపలో పెట్టింది. "నీ మీద పాపపు మాట అనుకున్నా రమ్యా. నువ్వు కాదు మోసింది. నా ఇల్లే మోసింది." తరువాత ఎలీషబాను పిలిచి, ముగ్గురూ తలలు దగ్గర చేర్చి చెప్పుకున్నారు. ఎలీషబా కొంగు వీపు మీదికి నిండుగా లాక్కుంది. ఆ తరువాత, "వీపు గురించి ఏమన్నది?" అని అడిగింది.

"ఏమీ అనలేదు," అంది మణెమ్మ.

ఇంట్లో ఫెబీ గడియారం చూస్తూ కూర్చుంది. పది దాటింది.

"చెప్పినావా?"

"చెప్పలేదు. మార్చు."

ఫెబీ ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుంది. "ఏం పెట్టాల? ఎవరికీ తట్టనిది చెప్పు."

మణెమ్మ ఆలోచించింది. ఆ ఇంట్లో తనను ఏమ్మే అంటారు. పాలెం దాన్ని పిలువు అంటారు. ఎవరైనా కొత్తవాళ్లుంటే కృపావరం పెండ్లాం అంటారు. ముప్పై ఏళ్లు.

"నా పేరు పెట్టు," అంది. "వాళ్లకు తెలవదు."

మీటలు నొక్కిన చప్పుడు అయింది. డబ్బా మీది పచ్చదీపం ఒక్కసారి ఆరిపోయి మళ్లీ వెలిగింది. ఫెబీ వీడియో మొదటి నుంచి పంపడం మొదలుపెట్టింది. ఒకటి. టీ కాచేలోపు ఏడు. అన్నం వార్చేలోపు ఇరవై ఆరు. ఫెబీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది, నవ్వితే ఆగిపోతుందేమోనని భయపడినట్టు.

నరేష్ మూడు గంటలకు వచ్చాడు. బండి వాకిట్లో ఆపి, గడపకు రెండడుగుల అవతల, ఎండలో నిలబడ్డాడు. మణెమ్మ లోపలికి చూసింది. ఎనభై ఎనిమిది.

"ఏమ్మా, కెమెరాలు ఆగిపోయినాయి. పాస్‌వర్డ్ ఏమన్నా మార్చినారా?"

జాయింట్ బాక్సు వాళ్ల గోడ మీద ఉంది. ఒక ఫోను కొడితే చాలు, ఎవరో ఒకరు పోయి వైరు పీకుతారు. మణెమ్మ పీట తెచ్చి వాకిట్లో వేసింది. అతను కూర్చోడని తెలుసు.

"రా నాయనా, ఎండన పడి వచ్చినావు. నీ బిడ్డకు అన్నప్రాసన ఎప్పుడు పెట్టుకున్నారు?"

"వచ్చే నెల. పాస్‌వర్డ్..."

"వచ్చే నెలా? నీ అన్నప్రాసన నాకు ఇంకా కళ్లల్లో ఉంది. పాయసం గిన్నె బోర్లించి, ఆ చేతుల్తో నా జుట్టు పట్టుకుంటివి. వారం దాకా తలలో చీమలు. మీ అమ్మ ఒకటే నవ్వు." ఆమె మాట్లాడుతూనే ఉంది. అప్పటి దాది పేరు, అతని గవదబిళ్లలకు తాను తెచ్చిన ఆకు, అతన్ని మోస్తూ వాగు దాటిన ఏడాది, అన్నీ ఒక్కొక్కటే తీసింది. ఆమె జ్ఞాపకానికి అడుగు లేదు. అణకువగా, కొంగు నిండుగా కప్పుకుని, ముప్పై ఏళ్లుగా ఆ వాకిట్లో ఎట్లా మాట్లాడిందో అట్లాగే మాట్లాడింది. నరేష్ కాళ్లు మార్చుకుంటున్నాడు. మధ్యలో ఆపడానికి నోరు తెరిచినప్పుడల్లా అతని చిన్నతనం ఇంకోటి అడ్డం వస్తోంది.

తొంభై ఆరు.

"సరేమ్మా సరే, ఎండగా ఉంది. అదేందో చెప్పు."

"అయ్యో, మంచినీళ్లు కూడా ఇయ్యకపోతిని." లోపలికి పోయి, పొద్దున తెచ్చుకున్న గ్లాసు కడిగి, కుండలోంచి నీళ్లు ముంచింది. ఫెబీ పక్కన ఒక్క క్షణం నిలబడింది. తొంభై తొమ్మిది. బయటికి వచ్చి గ్లాసు చాపింది.

నరేష్ గ్లాసు వంక చూశాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది. "వద్దులే. ఇప్పుడే తాగొచ్చినా."

"తాగు నాయనా. దప్పిగొన్నావు."

"వద్దన్నా కదా."

ఆమె చెయ్యి చాపే ఉంచింది. లోపల ల్యాప్‌టాప్ టింగుమని ఒక్క చిన్న చప్పుడు చేసింది. ఫెబీ ఫోను మోగింది. "ఆ జయపాలన్నా, వచ్చిందా? మొత్తం వచ్చిందా?" అనే మాట వాకిట్లోకి వినిపించింది.

మణెమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గ్లాసెత్తి ఆ నీళ్లు తనే తాగింది. గటగటా, చుక్క మిగలకుండా. పొద్దుటి నుంచి పోని చేదు అప్పుడు కాస్త దిగింది.

"మా ఇంటి నీళ్లు నీకు పనికిరావు," అంది. గొంతు పెంచలేదు. "రెండు నెలలు మా ఇంటి లైను మాత్రం తాగినారు. మీ అమ్మ టీవీలో ఏం చూస్తదో నేను చూసొచ్చినా నాయనా."

నరేష్ ముఖంలో ఏదో కదిలింది. సిగ్గో, కోపమో, ఆమె పట్టించుకోలేదు. అతను చూపు తప్పించి ట్యాంకు వైపు ఎత్తాడు. నాలుగు కెమెరాలకూ ముసుగులు ఉన్నాయి. రెండిటికి గోనె ముక్కలు, ఒకదానికి ఎరువుల సంచి. దడి వైపు చూసే కెమెరాకు మాత్రం ఎలీషబా పాత లంగా, బొందు బిగించి కట్టి ఉంది. ట్యాంకు నిచ్చెన మీంచి రమ్య ఒక్కో మెట్టే దిగుతోంది.

"లైన్ మా గోడ మీంచే వస్తాదని తెలుసు కదా," అన్నాడు నరేష్.

"తెలుసు. కోస్తే కోసుకో. పోవాల్సింది పోయింది."

బండి తిరిగి పోయాక మణెమ్మ గ్లాసు కడిగింది. లోపలికి తీసుకుపోబోయి ఆగి, వాకిటి గోడ మీద బోర్లించింది. ఈసారి ఆ ఇంటివాళ్లు ఎవరు వచ్చినా, వాళ్ల గ్లాసు అక్కడ ఉంటుంది.